గుడ్డెద్దు మామిడి

మా తోటలోని ఆ మామిడిచెట్టుకు మా ఇంటిపేరే పేరు. కోహీర్ వెళ్ళే దారిలో, ఎర్రమట్టి నేలలో, ఒకప్పుడు తోట అనిపించుకున్న చోట ఇప్పుడు మిగిలిన కొద్ది చెట్లలో అది ఒకటి. మిగతా భూమి నా తండ్రి కాలంలోనే చేతులు మారింది. ఎలా మారిందో వివరించడం నాకు ఇష్టం లేదు. తాగి పోగొట్టలేదు, జూదమాడి పోగొట్టలేదు. చట్టాలు కొంత, కోర్టులు కొంత, మావాళ్ళ మొండితనం కొంత. మా పాత ఇంటి గోడల రాళ్ళు ఊళ్ళో ఎవరెవరి పునాదుల్లోనో ఉన్నాయి. నేను జహీరాబాద్‌లో రైలు పట్టాలకు ఇవతల రెండు గదుల అద్దె ఇంట్లో నా భార్యతో ఉంటున్నాను. ఊళ్ళో పెద్దవాళ్ళు ఇప్పటికీ నన్ను పటేల్ అనే పిలుస్తారు. అలవాటు కొద్దీ పిలుస్తారని నాకు తెలుసు. అయినా పలుకుతాను.

ఆ చెట్టు కాయ పొట్టిగా ఉంటుంది, ముక్కు ఒక పక్కకు తిరిగి ఉంటుంది. పండినా తోలు పచ్చగానే ఉంటుంది, తొడిమ చుట్టూ మాత్రం ఎర్రబడుతుంది. కోసి తినే పండు కాదు, పిసికి రసం తాగే పండు. పీచు ఉండదు. రసంలో సోంపు వాసన సన్నగా తగులుతుంది. మా ముత్తాత ఎక్కడినుంచో తెచ్చిన టెంకను తన చేతులతో నాటితే మొలిచిందని మా ఇంట్లో చెప్పేవారు. అటువంటి కాయ ఇంకెక్కడా లేదని చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఒప్పుకునేవి.

అది ఇంకెక్కడా ఉండకూడదని మావాళ్ళు పట్టుబట్టారు. ఎవరింటికీ పండు పంపేవారు కాదు. రసం తీసి, ఇత్తడి బిందెలో పోసి, తడిగుడ్డ కట్టి పంపేవారు. ఇంటికి వచ్చిన చుట్టాలైనా, బీదర్ నుంచి వచ్చిన అధికారులైనా మా అరుగు మీద కూర్చుని తిని, టెంకలు అక్కడి గంగాళంలో వేసి లేవాలి. మా నాయనమ్మ ఆ గంగాళం పక్కనే పీట వేసుకుని కూర్చునేది. తరువాత ఆ టెంకలన్నీ ఉప్పునీళ్ళలో ఉడికేవి. ఉడికాకే పారబోసేవారు.

డిగ్రీలో వృక్షశాస్త్రం చదువుతున్నప్పుడు, మామిడిని టెంక నాటి పెంచితే తల్లిలాంటి చెట్టు రాదని నేను తెలుసుకున్నాను. మన దేశవాళీ మామిడిలో టెంకకు ఒకే మొలక వస్తుంది. ఆ మొలకకు తల్లి ఒక చెట్టు, తండ్రి ఈగలు మోసుకొచ్చిన పుప్పొడి ఏ చెట్టుదైతే అది. ప్రతి టెంకా ఒక కొత్త మనిషే. అదే కాయ మళ్ళీ కావాలంటే కొమ్మను తెచ్చి అంటు కట్టాలి. సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు ఈ సంగతి నాన్నకు చెప్పాను.

నాన్న విని, "మంచిగ చదువుకుంటున్నవు," అన్నాడు. కాసేపటికి మళ్ళీ, "టెంకలు మాత్రం ఉడకబెట్టియ్యి," అన్నాడు.

ఉడకబెట్టించాను. మిగిలింది ఆ చెట్టు పేరొక్కటే అన్న రోజులు వచ్చాక ఆ పని వృథా అని కూడా ఎవరితోనూ అనలేదు.

ఉద్యోగమంతా ఇంటర్ పిల్లలకు జీవశాస్త్రం చెప్పాను. వర్గీకరణ పాఠమంటే వాళ్ళకు విసుగు. రాజ్యం, విభాగం, తరగతి, క్రమం, కుటుంబం, ప్రజాతి, జాతి అని పద్యంలా అప్పజెప్పి ఊరుకుంటారు. నేను ఊరుకోనిచ్చేవాణ్ణి కాదు. కాలేజీ గోడ అవతలి చెరుకు చేనుకు తీసుకుపోయి, చెరుకూ జొన్నా వెదురూ కాళ్ళ కింద పడి ఉన్న గరికా అన్నీ ఒక్క ఇంటివేనని గణుపులు పట్టి చూపించేవాణ్ణి. అల్లానికి పసుపు దగ్గరి చుట్టం, అరటి దూరపు చుట్టం. మామిడి సొన తగిలితే పెదవి ఎందుకు పుండు పడుతుందని అడిగేవాణ్ణి. బట్టల మీద గుర్తులు పెట్టే నల్లజీడి, జీడిమామిడి, అడవిలో దొరికే మొర్రిపండు, అన్నీ మామిడి కుటుంబమే. ఆ మంట ఆ ఇంటిది.

రూపం చూసి మోసపోవద్దని చెప్పేవాణ్ణి. మొసలి చూడటానికి బల్లిలా ఉంటుంది, కానీ బల్లికంటే కోడికే దగ్గర బంధువు అంటే తరగతి అంతా నవ్వేది. పిల్లలు గీసే జీవవృక్షంలో అడుగున చేప, నడుమ కప్ప, పైకొమ్మ మీద మనిషి ఉండేవాళ్ళు. అది తుడిచేసి, ఈ రోజు బతికి ఉన్న ప్రాణి ఏదైనా కొమ్మ చివరే ఉంటుందని మళ్ళీ గీసేవాణ్ణి. చేప మనకు తాత కాదు. ఎంత వెనక్కి నడిస్తే ఇద్దరమూ ఒక్క చోట కలుస్తామన్నదే చుట్టరికం.

పేర్ల సంగతి కూడా చెప్పేవాణ్ణి. కొత్త జాతికి పేరు పెట్టేవాడు ఒక నమూనాను చూపించాలి. పేరు ఆ నమూనాను పట్టుకుని ఉంటుంది. ఒకే ప్రాణికి తెలియక ఇద్దరు రెండు పేర్లు పెడితే మొదటిదే నిలుస్తుంది. రెండో పేరు పెట్టినవాడు ఎంత గొప్పవాడైనా సరే, దాన్ని పక్కన పెడతారు. ఈ నియమం నాకు బాగా నచ్చేది. ముందు పుట్టినవాడికి దక్కవలసింది దక్కుతుందన్న మాట మాలాంటి ఇళ్ళవాళ్ళకు వినసొంపుగా ఉంటుంది.

ఉద్యోగ విరమణ అయ్యాక, ఒకప్పటి నా విద్యార్థిని ఒకామె ఇంటికి వచ్చింది. ఇప్పుడామె తోటల పరిశోధనలో ఉంది. జహీరాబాద్ చుట్టూ ఉన్న పాత టెంకచెట్లు, ఊరికొకటీ పెరటికొకటీ పేరుతో ఉన్నవి, కొట్టేసేలోపు వాటి ఆకులు సేకరించి, ఏది దేనికి చుట్టమో తేల్చి, మంచివాటిని పేరుతో సహా నమోదు చేయించాలని తిరుగుతోంది.

"మీ చెట్టు లేకుంటే నా పనే కాదు సర్," అంది. "అందరు దాని పేరే చెప్తున్రు."

"పేరు నమోదైతే ఏమవుతుంది?"

"ఎక్కడ అంటు కట్టినా ఆ పేరుతోనే పిలవాలె సర్. పుస్తకాలల్ల అదే ఉంటది. చెట్టు పోయినా పేరు ఉంటది."

ఆమె వెళ్ళాక ఆ మాట నాలో చాలాసేపు తిరిగింది. మాకు కొడుకులు లేరు, కూతుళ్ళు లేరు. మా ఇంటిపేరు నాతో ఆగిపోతుంది. ఊళ్ళో మా పేరున బడి లేదు, బావి లేదు, వీధి లేదు. ఉన్నవన్నీ మా తాతలు తమ పేరు చెక్కించకుండానే కట్టించారు, అప్పట్లో ఆ అవసరం ఉంటుందని అనుకోలేదు. ఇప్పుడు ఒక కాయ రూపంలో అది నిలుస్తుందంటే నాకు అంతకంటే కావలసింది లేదు. తోటకు నేనే వెంట వెళ్ళాను. ఆమె లేతాకులు తెంపి, పొట్లం కట్టి, చెట్టు చుట్టూ తిరిగి చూసి, ఫోటోలు తీసుకుంది.

చలికాలం పోయి మామిడి కాయలు కట్టే రోజుల్లో ఫోన్ చేసింది.

"సర్, జర ఒక మాట చెప్పాల్నుండె. మీ చెట్టుకు జోడి దొరికింది."

"జోడీ అంటే? పిల్ల చెట్టా?"

"కాదు సర్. పిల్ల అయితే సగమే కలుస్తది గద. ఇది మొత్తానికి మొత్తం కలిసింది. రెండు ఒక్కటే చెట్టు అన్నట్టు. మొగుడంపల్లి కాడ ఒకరి వాకిట్ల ఉన్నది."

ఆకులోని జన్యువులను వరుసగా పరిచి పోలుస్తారు. తల్లీ పిల్లా అయితే సగం కలుస్తాయి, దాయాదులైతే ఇంకా తక్కువ. పూర్తిగా కలిశాయంటే టెంకతో పని లేదు. ఒక చెట్టు కొమ్మను తెచ్చి మరో చోట అంటు కట్టారన్న మాట.

ఫోన్ పెట్టేశాక నాకు కోపం వచ్చింది, కోపంతోపాటు ఒక రకమైన తృప్తి కూడా. ఇన్ని తరాలు టెంకల మీద కాపలా ఉంటే ఎవడో కొమ్మ విరుచుకుపోయాడు. నా భార్యతో అదే అన్నాను.

"అయితే ఏం జేస్తరు? కేసు పెడతరా మామిడికొమ్మకు?" అంది ఆమె, బియ్యం ఏరుతూ.

"కేసు కాదు. మూలం మనదని వాళ్ళకు తెలియాలి. నమోదులో ఉండాలి."

మరుసటి ఆదివారం పరిశోధకురాలి కారులో మొగుడంపల్లి వైపు వెళ్ళాం. ఊరి చివర రేకుల ఇల్లు. చెట్టు వాకిలిని మొత్తం కమ్మేసి ఉంది. మా చెట్టుకంటే పెద్దదని దూరం నుంచే తెలిసింది. నీళ్ళు దగ్గర ఉంటే పెరుగుతుంది మరి, అనుకున్నాను. కొమ్మలకు వేలాడుతున్న కాయల ముక్కు ఒక పక్కకు తిరిగి ఉంది. పరాయి వాకిట్లో ఆ ముక్కును చూడటం బాగాలేదు.

ఆ ఇంటావిడకు నా వయసే ఉంటుంది. పరిశోధకురాలిని గుర్తుపట్టి నవ్వింది, నన్ను చూసి కొంగు సర్దుకుంది.

"కోహీర్ దిక్కు పటేల్‌లు గద మీరు. కూసోన్రి," అని నులక మంచం వాల్చింది.

నేను కూర్చోలేదు. "ఈ చెట్టును ఏమంటారమ్మా?"

"గుడ్డెద్దు చెట్టు. మా అత్తకు అత్త ఉన్ననాడు కన్నుపోయిన ఎద్దును దీనికి కట్టేసేటోళ్ళంట. కాయకు గూడ గదే పేరు పడ్డది. గుడ్డెద్దు మామిడి."

"ఇది మా చెట్టు కాయ. మా తోటలోంచి ఎవరో కొమ్మ తెచ్చి ఇక్కడ అంటు కట్టారు."

ఆవిడ చెట్టు వైపు చూసి, నా వైపు చూసింది.

"అట్లనా పటేలా. మీదే అయితే మంచిదే. దినాం గంపెడు ఆకులు రాలుస్తున్నది. ఊడ్వనీకి మనిషిని పంపున్రి జర."

నా విద్యార్థిని నవ్వు ఆపుకోవడానికి తల పక్కకు తిప్పుకుంది. నేను వినిపించుకోనట్టు చెట్టు దగ్గరికి వెళ్ళాను. అంటుచెట్టు ఎంత ముసలిదైనా ఆనవాలు దాచుకోలేదు. మొదలు మీద ఎక్కడో ఒక చోట అతుకు ఉంటుంది. అతుకు కింద ఒక చెట్టు, పైన ఇంకో చెట్టు. రెండింటి బెరడు ఒక్క తీరుగా పగలదు, లావు ఒక్క తీరుగా పెరగదు. ఆ అతుకును చూపించి మాట ముగిద్దామని నా ఉద్దేశం.

మోకాలి ఎత్తు నుంచి మొదలుపెట్టి చేత్తో తడుముతూ చుట్టూ తిరిగాను. పైకి చూశాను. కూర్చుని వేళ్ళ దగ్గర మట్టి గోకి చూశాను. బెరడు నేలలోంచి మొదటి పంగ దాకా ఒకే తీరుగా ఉంది, ఒకే రకం పగుళ్ళు. మొదలు వెడల్పు అవుతూ నేరుగా వేళ్ళలోకి దిగిపోయింది. ఎక్కడా అతుకు లేదు. అది టెంక నుంచి మొలిచిన చెట్టు.

లేచి నిలబడేసరికి మా చెట్టు కళ్ళముందుకు వచ్చింది. నడుము ఎత్తున దానికి చుట్టూ ఉబ్బెత్తుగా ఒక పట్టీ ఉంటుంది. కింద బెరడు సన్నగా, పైన పలకలు పలకలుగా. చిన్నప్పుడు దాని మీద కాలు పెట్టే మేం చెట్టెక్కేవాళ్ళం. మా తాత దాన్ని చెట్టు మొలతాడు అనేవాడు. అంటు అతుకు ఎలా ఉంటుందో ఉద్యోగమంతా నల్లబల్ల మీద గీసిన నేను, ఆ మొలతాడును అతుకు అని ఒక్కనాడూ అనుకోలేదు. మా ముత్తాత టెంక నాటాడని మా ఇంట్లో చెప్పారు. ఇంట్లో చెప్పినదాన్ని నేను చెట్టు మీద వెతకలేదు.

"కూసోన్రి పటేలా, చాయ్ పెడత," అంది ఆవిడ.

వద్దన్నాను. మర్యాద తప్పినట్టవుతుందని మళ్ళీ కూర్చుని తాగాను. ఆమె అల్లం ధర గురించీ, కోతుల గురించీ మాట్లాడింది. ఈ చెట్టు నుంచి ఎవరైనా ఎప్పుడైనా అంట్లు కట్టుకుపోయారా అని అడిగాను.

"ఏమో, మాకెర్క లేదు. ఎవలన్న వస్తే పచ్చడికి కాయలు తెంపుకపోతరు గంతే."

పాతకాలపు అంటు ఒక్కరోజు పని కాదు. మొక్క ఉన్న కుండను మంచె మీద పెట్టి, తల్లి కొమ్మను దానికి కలిపి కట్టి, అతుక్కునే దాకా వానాకాలమంతా నీళ్ళు పోస్తూ కాపాడాలి. మా ముత్తాత మొగుడంపల్లికి వచ్చి నీళ్ళు పోసి ఉండడు. ఈ వాకిట్లో ఉన్నవాళ్ళ చేతే పోయించి ఉంటాడు. పటేల్ అడిగితే కాదనే రోజులు కావవి. పోసినవాళ్ళ మనుమలకు అది గుర్తు లేదు. పోయించినవాడి మనుమలకు వేరే కథ గుర్తుంది. కొమ్మ తెచ్చి కట్టించినవాడికి టెంకతో ఆ కాయ రాదని తెలియకుండా ఉండదు. తెలిసీ టెంకలు ఉడకబెట్టించాడంటే, కొమ్మ వేరేవాళ్ళ చెట్టుదన్న సంగతి దాచడానికేనని నాకు అర్థమైంది. ఆయన తరువాతి తరాలు దాచుతున్నామని తెలియకుండానే దాచాయి.

తిరుగు దారిలో నా విద్యార్థిని కారు వేగం తగ్గించింది. "ల్యాబ్‌ల రెండు ఒక్కటే అని వస్తది సర్. ఏది ముందో అది చెప్పదు," అంది. "పేరు మీరు ఏది చెప్తే అది రాస్త."

"మా చెట్టు ఆకులు తెంపిన రోజే దాని మొదలు చూశావా?"

"చూసిన సర్," అంది.

"ఈ చెట్టు మొదలు కూడా?"

"అది గూడ."

"మరి నన్ను ఇంత దూరం ఎందుకు తీసుకొచ్చావు?"

"మీరే చూస్తరని సర్. చూడకపోయినా నేను ఏమనకపోదును. మీ దగ్గర సదువుకున్న. ఒక్క పేరే గద, ఎవరికి నష్టం? ఆ అమ్మ అయితే అడగను గూడ అడగదు."

ఆమె మంచి మనసుతోనే అంది. కానీ ఆ మంచితనమే నాకు గుచ్చుకుంది. మా ఇంట్లో దానం ఇచ్చినవాళ్ళున్నారు, దానం పట్టినవాళ్ళు లేరు. నా దగ్గర చదువుకున్న పిల్ల, నా మీద జాలితో, నాది కాని పేరును నాకు ఇస్తానంటోంది.

"మీ పద్ధతిలో ఏ చెట్టు మూలమైతే ఆ చెట్టు పేరే కదా నిలవాలి?"

"అవును సర్."

"మరి అదే రాయి."

ఇంటికి వచ్చి నా భార్యకు చెప్పాను. ఆమె ఇంటి పని ముగించుకుని వచ్చి కూర్చుని అంది.

"ఉన్నది అదొక్కటే. అది గూడ ఇచ్చేసిన్రా?"

"ఇవ్వలేదు. అది మనది కాదు."

"ఇన్నేండ్లు మనదే గద."

నేను లేచి వాకిలి తలుపు వేశాను. 

కాయలు పక్వానికి వచ్చేసరికి పరిశోధకురాలు రెండు రేకు ముక్కలు చేయించుకొచ్చింది. ఒకటి మొగుడంపల్లి చెట్టుకు, ఒకటి మా చెట్టుకు. రెండింటి మీదా గుడ్డెద్దు అనే రాసి ఉంది. మా దాని మీద అదనంగా, అంటు అని. చెట్టుకు మేకు కొట్టనివ్వలేదు. తీగ నేనే కట్టాను. ఏటా కాత గుత్తకు తీసుకునే వ్యాపారి అప్పుడే వచ్చి, అద్దాలు సర్దుకుని చదివాడు.

"ఇదేంది పటేల్ సాబ్? ఎవరు తగిలించిన్రు ఇది?"

"నేనే."

"బజార్ల గుడ్డెద్దు అంటే ఎవరు ముట్టరు. నేను పాత పేరే చెప్త. మీరు ఫికర్ చేయకున్రి."

"చెప్పకు," అన్నాను. "రేకు మీద ఏముందో అదే చెప్పు."

అతను నా మొహం చూసి, తట్టలు దింపించుకున్నాడు.

ఏటా మొదటి పళ్ళ రసం హైదరాబాద్‌లో ఉండే మా చిన్నాన్న కూతురికి పంపుతాం. గంగాళాలూ పీటలూ పోయినా ఆ ఒక్క ఆనవాయితీ పోలేదు. స్టీలు డబ్బాలో పోసి బస్సులో పంపిస్తే ఆమె తన అత్తవారి వైపు పెద్దలకు పంచుతుంది. మా ఇంటిపేరు చెప్పి పంచుతుంది. ఈసారి కూడా ఆమే ఫోన్ చేసింది.

"అన్నా, మన కాయ దిగిందా?"

జరిగింది దాచకుండా చెప్పాను. మొగుడంపల్లి చెట్టు, అతుకు, పేరు, అన్నీ. 

"ఎవరు అడిగిన్రే నిన్ను ఇదంతా?" అంది చివరికి.

"ఎవరూ అడగలేదు."

"మరి?"

"నాకు తెలిసింది కదా చెల్లె."

"నీకు తెలిస్తే నీ దగ్గర పెట్టుకోవాలె. ఇంట్ల ఉన్నది తీసి వాకిట్ల పోసుకుంటారా ఎవరన్న?" ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఇప్పుడు ఏమని చెప్పి పెట్టాలె వీళ్ళకు? గుడ్డెద్దు రసం అని పెట్టాల్నా? ఈసారికి వద్దులే అన్నా. పంపకు."

సరే అన్నాను. వచ్చే ఏడు పంపనా అని అడగలేదు. 

నా భార్య అప్పటికే రసం తీసి డబ్బాలో పోసి ఉంది. వద్దన్నారని చెప్పాను. ఆమె మూత తీసి, రెండు గిన్నెల్లో పోసి, ఒకటి నా ముందు పెట్టింది. సోంపు వాసన గది అంతా ఉంది. చిన్నప్పటి నుంచీ ఎలా ఉందో ఆ రసం అలాగే ఉంది. మూలం తెలిసినందువల్ల రుచి మారలేదు. అందువల్ల నాకు ఊరట కూడా కలగలేదు. డబ్బాలో మిగిలినది మరునాటికి పులిసింది, పారబోశాం.